పన్నెండో పేరు

నాన్నకు చూపు పోయాక పుస్తకాలు నేనే చదివి వినిపిస్తున్నాను. తాను ఒకప్పుడు పనిచేసిన పార్టీ నాయకుడి మీద ఏది అచ్చయినా తెప్పించుకుంటాడు. ఆయన హంతకుడని రాసినవైతే రెండోసారి కూడా చదివించుకుంటాడు. మా మేనమామను కాల్చమని సంతకం పెట్టింది ఆయనే మరి.

ఇవాళ్టి పుస్తకం అడ్డం తిరిగింది.

"కాల్చాల్సినవాళ్లంటూ నాయకుడు తన చేత్తో రాసిచ్చింది పదకొండు పేర్లే. టైపు కాగితంలో మాత్రం పన్నెండున్నాయి. ఆయన చూసుకోకుండా సంతకం పెట్టేశాడు" అని చదివాను.

"మసిపూసి మారేడుకాయ చేస్తున్నారు వెధవలు!" అన్నాడు నాన్న.

"రెండు కాగితాల ఫొటోలూ వేశారు నాన్నా."

పన్నెండో పేరు మామయ్యది. టైపు కాగితంలో ప్రతి 'క'కూ తలకట్టు సగం విరిగి ఉంది.

ఆ విరిగిన 'క' నాకు తెలుసు. నేను టైపు నేర్చుకున్నది దానిమీదే. పార్టీ ఆఫీసు మూసేసినప్పుడు నాన్న ఇంటికి తెచ్చుకున్న మిషన్ అది. అక్కడ పనిచేసినన్నాళ్లూ దానిమీద ఇంకొకరి చెయ్యి పడనివ్వలేదని ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటాడు.

వంటింట్లో అమ్మ గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

"ఆగావేమే?" అన్నాడు నాన్న. కాసేపటికి గొంతు తగ్గించి, "ఫొటోలో అక్షరాలు బాగా కనిపిస్తున్నాయా?" అని అడిగాడు.

"లేదు నాన్నా. అంతా అలికేసినట్టుంది."



"అయితే అది పక్కన పడేసి పాత పుస్తకం తియ్యమ్మా," అన్నాడు. "ఆయనే చంపాడని రాసింది. కాస్త గట్టిగా చదువు, అమ్మకు వినపడేట్టు."