దేవుడు తాకిన అత్తగారు

కిక్కిరిసిన సత్సంగం హాల్లో, సాంబ్రాణి పొగలో అత్తగారు కళ్లు తేలేసి కోడలి ఒళ్లోకి ఒరిగిపోయింది.

“ముట్టుకోకమ్మా! పోయిన వారమూ ఈవిడనే తాకాడు దేవుడు,” అన్నారు వేదిక మీంచి గురువుగారు. జనం ఆవిడకి దండాలు పెట్టారు.

“ఊపిరాడక పడిపోయిందండీ! కిటికీలు తీయించండి.”

“తీస్తే మహిమ బయటికి పోతుంది.”

కోడలు చుట్టూ చూసింది. జనంలో తలుపు దాకా దారి లేదు. అత్తగారిని వేదిక మీదికే ఈడ్చుకెళ్లింది. అక్కడ చల్లగాలి మొహాన కొట్టింది. గురువుగారి కుర్చీ వెనక తెర లాగితే, బార్లా తెరిచిన కిటికీ!

అత్తగారు గుండెల నిండా గాలి పీల్చి కళ్లు తెరిచింది. వారం వారం ఆయన కాళ్లకి మొక్కే మనిషి, కిటికీనీ ఆయన్నీ మార్చి మార్చి చూసింది.

“మరి నిన్నెప్పుడూ తాకలేదేంరా దేవుడు?”