దున్నపోతుగారి ముఖాముఖి

ఒక మడుగులో చేపలన్నీ కలిసి ఒక దున్నపోతును తమ పెద్దగా ఎన్నుకున్నాయి. దున్నపోతుగారు మంచివారే. జనం గోడు జనం మధ్యే కూర్చుని వినాలని ఆయన పట్టుదల. అందుకే ముఖాముఖి పెట్టినప్పుడల్లా మడుగు నడుమకు దిగి మరీ కూర్చునేవారు.

ఆ సభ పేరెత్తితేనే ముసలి బొచ్చె చేప నాంచారమ్మకు ప్రాణం విసిగేది. చేపల గోడు ఒక్కటే: నీళ్లు బురదైపోతున్నాయి, పిల్లలకు ఊపిరాడటం లేదు. అది వినగానే దున్నపోతుగారు కళ్లనీళ్లు పెట్టుకుని, "అయ్యో, ఏదీ చూడనివ్వండి" అంటూ ఇంకాస్త లోపలికి వచ్చేవారు. పోయిన సభ తర్వాత ఒక పిల్ల చచ్చి పైకి తేలింది కూడా.

ఈసారి బడిపిల్లలు ప్రశ్న వల్లెవేసుకుంటూ వచ్చాయి. "అవ్వా, గట్టు మీదే ఉండి వినమని అడుగుతాం."

"అడిగాం తల్లీ. మీకు దూరంగా ఉండలేనన్నారు. ఈసారి నన్ను చెప్పనివ్వండి" అంది నాంచారమ్మ.

దున్నపోతుగారు గట్టుకు రాగానే నాంచారమ్మ తల పైకెత్తి, "అయ్యా, మాకిప్పుడు ఏ కష్టమూ లేదు. తమరు శ్రమపడి దిగక్కర్లేదు" అంది.

దున్నపోతుగారి ముఖం వెలిగిపోయింది. "ఈ మాట కోసమే కదమ్మా ఇన్నాళ్లూ తిరిగాను! ఉండండి, అందరినీ ఒకసారి పలకరించి వెళతా" అంటూ దిగారు.

నాంచారమ్మ పిల్లల వైపు తిరిగింది. "ఊపిరి బిగబట్టండర్రా. సభ మొదలైంది."