కాకి పిలిచిన విందు

ఉలవ కోతలైపోయాక చేలల్లో గింజ మిగల్లేదు. రైతులు కోసిన ఉలవ కట్టెను కాయలతో సహా తెచ్చి తారురోడ్డు మీద పరిచారు. బళ్లు తొక్కితే గింజ రాలుతుందని వాళ్ల ఆలోచన. పక్కనే తుప్పలో ఒక కౌజుపిట్ట ఆకలితో అరుస్తున్న పిల్లల్ని రెక్కల కింద అదిమి పట్టుకుని ఆ గింజల వంకే చూస్తోంది.

"ఇంకా మొహమాటమేంటి చెల్లెమ్మా? పిల్లల్ని నడిరోడ్డుకు తోలుకురా," అని రోడ్డు మీంచి పిలిచింది ఒక కాకి.

"కార్లొస్తున్నాయి కదన్నా!"

"వస్తే ఏం? మనుషులు ధర్మాత్ములు. ఆ తుమ్మచెట్టు బెరడు ఎలా లేచిపోయిందో చూడు. పొద్దున దూడ అడ్డొస్తే, కారు వెళ్లి చెట్టుకు గుద్దుకుంది గానీ దూడను తాకలేదు."

కౌజుకు మనసొప్పలేదు. దూడంటే దూరానికి కనబడుతుంది. గోలీకాయంత పిల్లలు ఎవరి కంటికి ఆనతాయి? పైగా పొద్దుట్నుంచీ గింజల మధ్యే తిరుగుతున్న కాకి ఒక్కటీ ముట్టలేదు. దాని ముక్కుకు, రోడ్డు మీద బండి కింద నలిగిన ఉడుత వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి.

"ముందు నువ్వు నాలుగు తినన్నా, నీ వెనకే వస్తాం," అంది నెమ్మదిగా.

"నాకు ఉలవలు పడవు చెల్లెమ్మా, వేడి చేస్తాయి."

"మరి పడని విందుకు ఇంత కాపలా ఎందుకన్నా?"

ఇంతలో కారొకటి రయ్యిన పోయింది. చక్రాల కింద కాయలు పగిలి, గింజలు ఎగిరొచ్చి తుప్ప మొదట్లో పడ్డాయి.

"దేవుడు వడ్డించిన చోటే తినాలర్రా," అంటూ కౌజు రెక్కలెత్తింది.

ఆ పూట పిల్లల కడుపులు నిండాయి. కాకికే పస్తు.