గీత దాటని ముల్లు

ఆయన తన రికార్డ్ ప్లేయర్‌కి ముల్లు మార్పించడానికి షాపుకొచ్చాడు. వెంట తెచ్చిన పాత రికార్డును షాపతను టర్న్‌టేబుల్ మీద పెట్టాడు. మొదట బిగించిన ముల్లు, పాట మధ్యలో ఉన్న గీతను అవలీలగా దాటేసింది.

"చూశారా! అక్కడ గీతుందనే తెలీలేదు," అంటూ షాపతను మురిసిపోయాడు.

"ఇది వద్దండీ. ఇంకోటి పెట్టండి."

చివరగా పెట్టిన, అన్నిటికన్నా నాసిరకం ముల్లు గీత దగ్గర ఇరుక్కుని "రావే, రావే, రావే" అని అక్కడే తిరగసాగింది.

"ఇదివ్వండి."

"అయ్యో, ఇది ముందుకు పోదండీ! వినలేక చస్తారు."

"ముల్లును ముల్లుతోనే తీయాలంటారు కదా," అన్నాడాయన. షాపతను అర్థం కాకపోయినా నవ్వి, దాన్నే ప్లేయర్‌కి బిగించి ఇచ్చాడు.

ఇంటికి రాగానే ప్లేయర్‌ను భార్య గది ఎదురుగా పెట్టి పాట వేశాడు. ఇదివరకు రికార్డు అక్కడ ఇరుక్కుంటే చాలు, ఆవిడ చేతిలో పని వదిలేసి, "చెవుల్లో దూది పెట్టుకున్నారా?" అని తిడుతూ వచ్చి ముల్లు జరిపేది. పాప పోయాక ఆవిడ గది దాటలేదు, మాట్లాడలేదు.

"రావే, రావే, రావే..."

ఆయన చేతులు కట్టుకుని తలుపు వైపే చూస్తున్నాడు. లోపల మంచం కిర్రుమంది. అడుగుల చప్పుడు తలుపు దాకా వచ్చింది.

లోపలి నుంచి గడియ పడింది.