ముందు వరుసలో దరువు

మూడో రోజు కూడా తెర పడగానే ఆ ముసలాయన మళ్లీ మొదలుపెట్టాడు.

టప్. టప్. టప్.

ముందు వరుసలో చివరి కుర్చీ ఆయనది. నెరిసిన మీసం, మెడలో పట్టు మఫ్లరు. బొమ్మలాట సాగినంతసేపూ ఆయన ముఖాన ఒక్క నవ్వు లేదు. ఆట అయ్యాక మాత్రం ఈ చప్పట్లు. మామూలు చప్పట్లయినా బాగుండేది. రోట్లో పోటు వేస్తున్నట్టు ఒకే లెక్కన, ఆగి ఆగి కొడుతున్నాడు. చూస్తూండగానే హాలంతా ఆయనతో చేతులు కలిపింది.

ఎడ్నా ముఖం కందగడ్డ అయింది. చేతిబొమ్మల్ని సంచిలో కుక్కుకుని, గదిలోకి పోయి తలుపు ధడాలున వేసుకుంది.

ఆమె పుట్టి పెరిగిన ఇంగ్లండులో అలాంటి చప్పట్లకు ఒకటే అర్థం. చాల్లే, ఇక దిగు అని.

ఫ్రాన్సులో లియోన్ నగరంలోని ఈ చిన్న హాలు ఆమెను కొద్ది రోజులకే పిలిపించింది. జనానికి నచ్చితే చలికాలమంతా ఉంచుకుంటానని యజమాని బ్రిసాక్ మాటిచ్చాడు. నచ్చకపోతే మళ్లీ తన ఊళ్లో ఆడించే ఆ సముద్రపు ఒడ్డే, ఆ ఈదురుగాలే. ఇక అక్కడ నెగ్గుకొచ్చే ఓపిక ఆమెకు లేదు.

వచ్చిన రోజే బ్రిసాక్ బోలెడు జాగ్రత్తలు చెప్పాడు.

"ముందు బోన్‌సువార్ అని పలకరించాలి. లేకపోతే మావాళ్లు ముఖం మాడ్చుకుంటారు. తెర వెనక ఈల వేయకండి. తాడు అన్న మాట పొరపాటున కూడా అనకండి, అరిష్టం. జనం నవ్వకుండా కూర్చుంటే బెంగపడకండి, శ్రద్ధగా వింటున్నారన్నమాట."

"ఇంకేమైనా ఉన్నాయా?"

"ఇంకేముంటాయి? మిగతాదంతా ఎక్కడైనా ఒకటేగా!"

ఎడ్నా తలుపు వేసుకున్న కాసేపటికే దుస్తులు చూసే సొలాంజ్ వచ్చి తట్టింది.

"అమ్మాయిగారూ, ముందు వరుస పెద్దాయన వచ్చారు. మీతో ఒక్క మాట చెప్పాలట."

"చెప్పాల్సింది చేతులతో చెప్పాడుగా! పొమ్మను."

"పెద్దాయనండీ, నిలబడే ఉన్నారు..."

"ఆయన పెద్దరికం హాల్లో చూశాంలే!"

సొలాంజ్ మూతి ముడుచుకుని వెళ్లిపోయింది. ఎంత పొగరు అనుకునే ఉంటుంది.

ఆ ఉక్రోషంలో ఎడ్నాకు పోయినేటి వాన గుర్తొచ్చింది. సముద్రపు ఒడ్డున ఆట మధ్యలో దంచి కొట్టిన వాన. జనం పరుగో పరుగు. బొమ్మల డేరా కంతలోంచి చూస్తే ఎదురుగా ఒకే ఒక్క నల్ల గొడుగు మిగిలింది. ఆట ముగిసేదాకా అది కదల్లేదు. తడిసిన బొమ్మల్ని సర్దుకుని ఆమె బయటికి వచ్చేసరికి లేదు. బొమ్మల్ని సముద్రంలో పారేసి ఏ హోటల్లోనో పళ్లాలు కడుక్కుందామనుకున్న మనిషి, ఆ గొడుగు ముఖం చూసి మానుకుంది.

'చూసేవాళ్లంటే అలా ఉండాలి. వీళ్లూ ఉన్నారు, ఎందుకు?' అనుకుంది.

నాలుగో రోజు తెర పడింది. టప్. టప్. టప్.

ఈసారి ఎడ్నా గదిలోకి పోలేదు. గయ్యాళి ముసలమ్మ బొమ్మను చేతికి తొడుక్కుని, తెర తప్పించుకుని ముందుకొచ్చింది. హాలంతా ముఖాలు వెలిగాయి. ఆమె వాటిని చూసే స్థితిలో లేదు.

"ఏం తాతా, అంత తొందరేం? కోటు తెచ్చివ్వనా? ఇంటికి పో, సూపు చల్లారిపోతోంది!" అంది బొమ్మ.

ఒక్కరూ నవ్వలేదు.

ముసలాయన చేతులు గాలిలోనే ఆగిపోయాయి. మెల్లగా లేచి, ఆమెకు తల వంచి, బయటికి నడిచాడు.

ఎడ్నాకు కడుపు చల్లబడింది.

మర్నాటి నుంచి ఆ కుర్చీ ఖాళీ. ఆట అయ్యాక చప్పట్లు పొడిపొడిగా మోగి ఆగిపోయేవి. జనం కోట్లు తొడుక్కుని వెళ్లిపోయేవారు. పీడ వదిలిందనుకుంది ఎడ్నా.

ఆదివారం బ్రిసాక్ ఆమెను పిలిచాడు.

"ఈ వారంతో సరి అమ్మా. చలికాలానికి వేరేవాళ్లని చూసుకున్నాను."

"ఎందుకండీ? ఆట బాగాలేదా?"

"ఆట బంగారం. మనుషుల్నే మీరు గడ్డిపోచల్లా తీసిపారేశారు. హాలు హాలంతా మళ్లీ రమ్మని పిలుస్తుంటే ఒక్కసారైనా వచ్చి దండం పెట్టారా? వచ్చిన ఒక్కరోజూ ఆయన్ని తిట్టడానికి వచ్చారు."

"పిలిచారా? ఎప్పుడు?"

బ్రిసాక్ బల్ల మీద అరచేత్తో కొట్టి చూపించాడు. టప్. టప్. టప్.



"అది... దిగిపొమ్మని కాదా?"

"దిగిపొమ్మనా! అంతకు మించిన మర్యాద మా దగ్గర లేదు తల్లీ."

"నాకెందుకు చెప్పలేదు?"

"అదీ చెప్పాలా?" అనేసి, బ్రిసాక్ నాలుక కరుచుకున్నాడు.

"ఆయన ఇల్లెక్కడో చెప్పండి. ఇప్పుడే వెళ్లి కాళ్లు పట్టుకుంటాను."

"వెర్దియే గారి ఇల్లా? లాభం లేదు. నిన్న నేనే వెళ్లి బతిమాలాను. మా నాన్న రోజుల నుంచి వస్తున్న మనిషి, ఇక ఈ గడప తొక్కనన్నారు. మీ పేరు కూడా ఎత్తొద్దన్నారు."

బ్రిసాక్ మూలనున్న నల్ల గొడుగు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"ఆ రోజు దీన్ని కూడా మరిచిపోయి వెళ్లారు."

ఎడ్నా దాన్ని చేతిలోకి తీసుకుంది.

"పోయినేడు మీ ఊళ్లో, వానలో ఇది పట్టుకునే మీ ఆట చూశారట. 'చేతిలో గొడుగుండి ఆ అమ్మాయికి చప్పట్లు కొట్టలేకపోయాను, ఇక్కడికి రప్పించు, కరువుతీరా కొడతాను' అని నా ప్రాణం తీసి మిమ్మల్ని పిలిపించింది ఆయనేనమ్మా."