పొద్దున షిఫ్టు తలుపులు

మాబున్నీ రోజూ వంట ముగించి, ఇంట్లోనే కంపెనీ చేతితొడుగులు వేసుకుని కార్లకు తలుపులు బిగించేది. ఆమె చేయి కదిలితే దూరాన ఫ్యాక్టరీలో మరచేయి కదిలేది. కంపెనీకి ఫ్యాక్టరీలు రెండే, ఒకటి ఇక్కడ, ఒకటి జపాన్‌లో. ఏ పూట ఎక్కడ పనిచేస్తోందో ఆమెకు చెప్పేవాళ్లు కాదు.

కిందటేడు ఇక్కడ తయారైన ఆ కంపెనీ కారులోనే పోతుంటే తలుపు ఊడిపోయి, ఆమె మరిది రోడ్డు మీద పడ్డాడు. కాలు తీసేశారు. అందుకే ఆమె భర్త దస్తగిరి పట్టుబట్టి అదే కంపెనీది, జపాన్‌లో తయారైన కారు తెప్పించాడు.

కారు గుమ్మం ముందు ఆగి తన గురించి తనే చెప్పుకుంది.

"నేను జపాన్‌లో తయారయ్యాను. మధ్యాహ్నం షిఫ్టులో నా తలుపులు బిగించింది షేక్ మాబున్నీ, హిందూపురం."

దస్తగిరి భార్యవైపు తిరిగాడు. "నువ్వేనా?" అన్నాడు.

మాబున్నీ కారు తలుపు పట్టుకుని లాగి చూసింది.

"మధ్యాహ్నం పూట బిగించినాక లాగి చూడమంటారు. పొద్దున షిఫ్టులో చూసేలోపే కారు ముందుకు పోతుంది."

"అంటే పొద్దునది మన ఫ్యాక్టరీనా? మరి మా తమ్ముడి కారు..."

అన్నాడు దస్తగిరి. ఆమె తన చేతులకేసి చూసుకుంది.

మర్నాడు పొద్దున మొదటి కారుకు తలుపు బిగించగానే, ఆమె పని ఆపే ఎర్ర మీట నొక్కింది. ఫ్యాక్టరీలో పని మొత్తం ఆగిపోయింది.

"ఏమైంది? ఎందుకు ఆపావ్?" చెవిలోని ఇయర్‌ఫోన్‌లో సూపర్‌వైజర్ అరిచాడు.

"లాగి చూస్తున్నా సార్."