తోక బరువు

పెట్రోలు బంకులో ఎవరో ట్రైలర్ వెనక వైపు చేత్తో నొక్కి చూస్తున్నారు.

పికప్ పక్క అద్దంలో చూసి ఆడ్రా ఉలిక్కిపడింది.

"వెస్, ఎవరో మనింటిని తడుముతున్నారు!"

'మనిల్లు' అనడం ఆమెకింకా కొత్త. పెళ్ళై పదకొండు రోజులు. ముప్పై రెండు అడుగుల ఆ ట్రైలరే కాపురం. గాలిమరలు బిగించే వెస్లీకి ఎక్కడ పని దొరికితే అక్కడికి దాన్ని పికప్ వెనక లాక్కుపోవడమే. సోమవారం కొత్తచోట పనిలో చేరాలి.

చెర్రీపళ్ళ బొమ్మల తెరలు, మూస్తే 'టిక్' మనే అలమరలు, ఒళ్ళు తిప్పితే మోచెయ్యి గోడకి తగిలే స్నానాల గది. దేన్ని చూసినా ఆడ్రాకి నవ్వొచ్చేది. పొద్దున గుడ్లు వేయించి పెనం కడిగింది. ముచ్చటేసి ఇంకోసారి కడిగింది.

వెస్లీ దిగాడు. మాసిన టోపీలో ఓ ముసలాయన. పక్కనే రంగు వెలిసిన పచ్చ పికప్.

"కొత్త జంటా?" అన్నాడు ముసలాయన.

"మీకేం కావాలి?"

"వెనకేం పెట్టారు బాబూ?"

వెస్లీ కంటే ముందే ఆడ్రా కిటికీలోంచి చెప్పేసింది. "వంటిల్లండీ! పెళ్ళి కానుకలన్నీ అక్కడే సర్దాను. ఇనప పెనాలు, పన్నెండుమందికి సరిపడా పళ్ళేలు, మా అమ్మమ్మ పట్టిన పీచ్ పళ్ళ సీసాలు నలభై."

"నీళ్ళ ట్యాంకు?"

"అదీ వెనకే. నిండా నింపాం."

ముసలాయన నాలుక చప్పరించాడు.

"తోక బరువెక్కింది తల్లీ. ముందుభాగం తేలికైతే ట్రైలర్ మాట వినదు, తోక ఊపుతుంది. దిగేది ఘాట్ రోడ్డు. నీళ్ళు వదిలేయండి, సీసాలు ముందున్న మంచం కిందికి మార్చండి. గంట పని. నేనూ ఓ చెయ్యేస్తా."

"అంటే తాళం తీసి మిమ్మల్ని లోపలికి పిలవాలి. అంతేగా?" అన్నాడు వెస్లీ. "ప్రతి బంకులోనూ ఒక మేష్టారు తగులుతూనే ఉన్నాడు పెద్దాయనా. దారి వదలండి."

వెస్లీ బండెక్కి కూర్చున్నాడు. ముసలాయన నొచ్చుకోలేదు. తెరిచిన తలుపులోంచి, వెస్లీ మోకాలి దగ్గరున్న చిన్న మీట చూపించాడు.

"తోక ఊపితే కాలి బ్రేకు తొక్కకు. ఈ మీట నొక్కు. ఇది ట్రైలర్ చక్రాల్నే పట్టుకుంటుంది. అమ్మాయ్, నువ్వూ విన్నావా?"

ఆడ్రా తలూపింది. వెస్లీ తలుపు వేసుకున్నాడు.

రెండు మైళ్ళు దిగారో లేదో, అద్దంలో పచ్చ పికప్ కనబడింది. లైట్లన్నీ ఆరిపోతూ వెలుగుతూ, రోడ్డుకి సరిగ్గా నడిమధ్యన.

"వెస్, వెనకే వస్తున్నాడు."

"రానీ."

ఇంకో మలుపు. ఇంకోటి. అయినా వెనకే. దాని వెనక పెద్ద లారీలు హారన్లు మోగిస్తున్నాయి. పికప్ పక్కకి జరగదు.

ఆడ్రా మళ్ళీ అద్దంలోకి చూసింది. "ట్రైలర్లు ఎత్తుకుపోయేవాళ్ళు ఇలాగే మాట కలుపుతారట..."

"తెలుసు. అందుకేగా తాళం తియ్యలేదు."

వెస్లీ వేగం పెంచాడు. పికప్పూ పెంచింది.

మొదట సీటు సన్నగా కదిలింది, ఎవరో భుజం తట్టినట్టు. తర్వాత స్టీరింగు తనంతట తానే ఎడమకి తిరిగింది, కుడికి తిరిగింది. వెనక సీసాలు భళ్ళున పగిలాయి. అద్దంలో ఒకసారి కొండ, ఒకసారి లోయ. మధ్యలో ఊగుతూ వాళ్ళ ఇల్లు.

వెస్లీ కాలు బ్రేకు మీదికి పోయింది.

"వద్దు! కాలు తియ్!"

ఆడ్రా ఒంగి, రెండు చేతులతో మీట నొక్కేసింది.

ఎవరో వెనకనుంచి చొక్కా పట్టి లాగినట్టయింది. ఊపు తగ్గింది. ఇంకా తగ్గింది. బండి దారికొచ్చింది.

మిగిలిన దారంతా నత్తనడకన దిగారు. పచ్చ పికప్ అలాగే వెనక, లైట్లు కొట్టుకుంటూ.

కొండ కింద వెస్లీ బండి పక్కకి ఆపాడు. పికప్ వాళ్ళ పక్కకొచ్చి నెమ్మదించింది. ఆడ్రా గభాలున తలుపు గడియ నొక్కింది.

ముసలాయన ఆమె చేతిని చూశాడు. స్టీరింగు మీంచి రెండు వేళ్ళు ఎత్తి, బండి వెనక్కి తిప్పుకుని మళ్ళీ కొండెక్కిపోయాడు.

"పీడా వదిలింది," అన్నాడు వెస్లీ.

లారీలు వరసగా ముందుకి దూసుకుపోయాయి. ఒకటి మాత్రం ఆగింది. నడిపే ఆవిడ నడుం పట్టుకుంటూ దిగింది.

"బాగానే ఉన్నారా? మీ నాన్నేడీ?"

"మా నాన్నా?" అంది ఆడ్రా.

"ఆ పచ్చ బండాయన. పద్నాలుగు మైళ్ళు రోడ్డుకి అడ్డంగా నడిపాడు మహానుభావుడు! హారన్ కొట్టీ కొట్టీ నా చెయ్యి పడిపోయింది. మాలో ఒక్క లారీ మిమ్మల్ని దాటినా, ఆ గాలికే మీ ఇల్లు మిమ్మల్నీ లాక్కుని లోయలో పడేది. తొమ్మిది లారీలం. ఒక్కదాన్నీ దాటనిస్తేనా!"

ఆడ్రా కొండవైపు చూసింది. రోడ్డు ఖాళీగా ఉంది.

"ఆయనెవరో మాకు తెలీదండీ," అంది మెల్లగా. "పేరైనా అడగలేదు."

లారీ ఆవిడ వింతగా చూసింది.

"అదేంటమ్మాయ్? 'ముందు పోతున్నది నా కూతురూ అల్లుడూ, కొత్తగా పెళ్ళైంది, కాస్త ఓపిక పట్టండి నాయనా' అని దారి పొడుగునా, మేం లారీల్లో మాట్లాడుకునే రేడియోలో మమ్మల్నందర్నీ బతిమాలుతూనే ఉన్నాడే!"